మూడో అంతస్తులో వల్లె వేసే గొంతు

మా ఆఫీసులో మూడో అంతస్తు చివర ఒక గది ఉంది. ఆ గదికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే భయపడాల్సిందేమీ కనిపించదు. గోడలన్నిటికీ మందపాటి స్పాంజి. కిటికీ లేదు. తలుపు జానెడు మందం. లోపలికెళ్ళి తలుపేసుకుంటే బయటి చప్పుడు మొత్తం చచ్చిపోతుంది, మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుంది. మనుషుల గొంతులు రికార్డు చేసే గది అది. అంతే.

కానీ రాత్రి పదకొండు దాటితే... లోపల ఎవరో అక్షరాలు వల్లె వేస్తారని చెప్పుకునేవాళ్ళు.

"ప... బ... ప... బ..."

మొదట విన్నది ఊడ్చే ఆవిడ. తలుపు కింద రబ్బరు అరిగిపోయి సందు పడింది. ఆ సందులోంచి వచ్చిందట గొంతు. "ఎవరో బడిలో కూర్చుని చదువుతున్నట్టుందమ్మా. చదువు రాక ఏడుస్తున్నట్టు కూడా ఉంది" అని చెప్పి, మర్నాటి నుంచి ఆ అంతస్తులో చీపురు పట్టనంది.

ఇక కథలు మొదలయ్యాయి. అక్కడ రికార్డింగు చేస్తూ చేస్తూ ఒకావిడ గొంతు పోయి, దిగులుతో చనిపోయిందన్నారు. కాదు, ఈ భవనం ఒకప్పుడు ఆసుపత్రి అన్నారు. "చచ్చినవాళ్ళకి కూడా ప-బల గోల తప్పదన్నమాట" అని నవ్వేవాళ్ళు నవ్వారు. అలా నవ్వినవాళ్ళలో ఒక్కరు కూడా పదకొండు దాటాక మూడో అంతస్తులో లిఫ్టు ఆపలేదు.

నేను ఉద్యోగంలో చేరేసరికి ఈ గొడవంతా అయిపోయింది. నా పక్క కుర్చీ ఆవిడ చెబితే విన్నాను. జరిగింది ఆమెకే కాబట్టి, విన్నది విన్నట్టు చెబుతున్నా.

ఆమెని అందరూ చెవులక్క అంటారు. ఆ పేరెందుకొచ్చిందో తెలియాలంటే మా పని ఏంటో చెప్పాలి.

కంప్యూటరుకి మనిషి మాట వినడం నేర్పిస్తాం మేము. దానికి ప వేరు, బ వేరు అని పుట్టుకతో తెలియదు. వేలమంది చేత ఒక్కో మాట చదివించి, ముక్కలు ముక్కలుగా కోసి, మా హెడ్‌ఫోన్లలోకి వదులుతారు. ఒక్కో ముక్క సెకనో, రెండు సెకన్లో. మేము విని గుర్తు పెట్టాలి. మూడు బటన్లు — సరే, సందేహం, తీసెయ్. అలా పన్నెండు వందల ముక్కలు పూర్తయితే ఆ రోజు గడిచినట్టు. గొంతు ఎవరిదో మాకు తెలియనివ్వరు. ఒకరి మాట పక్కన ఇంకొకరి మాట, పేకముక్కల్లా కలిపేసి పంపుతారు.

ఈ పనిలో చెవులక్కని మించినవాళ్ళు లేరు. ల అన్నారో ళ అన్నారో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఫోన్లో "హలో" అంటే చాలు, "జలుబు చేసిందా?" అంటుంది.

ఇంట్లో ఆమె, వాళ్ళ నాన్న. ఇద్దరే.

ఆయన బస్‌స్టాండులో అనౌన్సరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన గొంతు విని జనం పరిగెత్తి బస్సులెక్కారు. రైలు స్టేషనుకి కూడా వినపడేదట. రిటైరైన రెండేళ్ళకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కాలు కొంచెం నయం, కర్ర పట్టుకుని నడిచేవాడు. నాలుక మాత్రం మొద్దుబారిపోయింది. చ అనబోతే త. ల అనబోతే య. కూతుర్ని చిన్నప్పటి నుంచీ "చిలకా" అని పిలిచేవాడు. అది "తియకా" అయ్యింది.

మొదట్లో ఆమె ఓపిగ్గానే వినేది. ఆ తర్వాత... ఆఫీసులో పన్నెండు వందలు విని ఇంటికొచ్చేది కదా.

ఒకరోజు రాత్రి ఆయన ఏదో చెప్పాడు. అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. నాలుగోసారికి ఆమె చేతిలో గిన్నె ఠప్పున పెట్టేసింది.

"నాన్నా, పొద్దుపోయేదాకా ఇవే విని వస్తున్నాను. ఇంటికొచ్చినా ఇదేనా? రాసి చూపించు."

మర్నాడు వస్తూ వస్తూ ఒక పలక కొనుక్కొచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఎడం చేత్తో వంకరటింకరగా రాసేవాడు. 'నీళ్ళు'. 'ఫ్యాను'. 'బాగుంది'. నోరు తెరవడం మానేశాడు.

"ఇల్లు ప్రశాంతంగా ఉందే అనుకున్నాను" అని చెప్పింది నాతో.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు. నిద్రలోనే, రెండోసారి పక్షవాతం వచ్చి. ఆమె లేచేసరికి ఒళ్ళు చల్లబడి ఉంది.

అప్పటి నుంచి ఆమె రాత్రి షిఫ్టు అడిగి తీసుకుంది. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు, ఎప్పుడెళితే ఏంటి అని.

ఆయన పోయిన ఎనిమిది నెలలకి — ఆ రాత్రి.

గడువు దగ్గరపడి పని మీద పడింది. ఐదో అంతస్తులో అందరూ వెళ్ళిపోయారు, ఆమె ఒక్కతే ఉంది. పదకొండున్నర అయ్యుంటుంది. భుజం మీద ఎవరో తట్టారు.

కెవ్వుమని హెడ్‌ఫోన్లు లాగేసింది. కాపలా తాత.

"భయపడకు తల్లీ, నేనే." టార్చిలైటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నీకు చెవి బాగా తెలుస్తుందంటారు కదా... ఒక్కసారి వచ్చి వింటావా?"

"ఏం వినాలి తాతా?"

ఆయన వేలితో కిందికి చూపించాడు.

ఆమెకి నవ్వొచ్చింది. "దెయ్యానికి కూడా మార్కులెయ్యమంటావా?"

"నవ్వకమ్మా. రెండు నెలల నుంచి రోజూ వింటున్నాను. మనిషో కాదో చెప్పు చాలు. కాదంటే రేపటి నుంచి గేటు దగ్గరే పడుకుంటాను."

ఇద్దరూ మెట్లు దిగారు. మూడో అంతస్తు వసారాలో లైట్లు మనిషి కదిలితేనే వెలుగుతాయి. ఒక్కో అడుగుకీ ఒక్కోటి వెలుగుతూ... వెనక ఒక్కోటి ఆరిపోతూ...

గది ముందు ఆగారు. తలుపుకి బయటి గడియ వేసే ఉంది.

నిశ్శబ్దం.

"ఏదీ?" అంది గుసగుసగా.

"ఉండు..."

వచ్చింది. సన్నగా, నేల మీద పాకుతూ, తలుపు కింది సందులోంచి.

"ప... బ... పాపం... బాకా..."

ఆమె నేల మీద కూర్చుంది. సందుకి చెవి ఆనించింది. భయం కంటే ముందు అలవాటు పని చేసిందట. కళ్ళు మూసుకుని చెప్పుకుపోయింది — "ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. పెదాలు సరిగ్గా కలవడం లేదు. నాలుక బరువుగా ఉంది."

"దెయ్యాలకి నాలుక బరువేంటమ్మా?" తాత టార్చిలైటు గుండెకి హత్తుకున్నాడు.

గొంతు మారింది. ఈసారి మగ గొంతు, నత్తిగా. మళ్ళీ మారింది. ఎవరో ముసలావిడ, గొంతులో పిల్లికూతలు. ఒకరి తర్వాత ఒకరు. లోపల ఎంతోమంది వరసలో నిలబడి, తమ వంతు రాగానే ఒక్కో మాట అప్పజెప్పి పక్కకి తప్పుకుంటున్నట్టు... అందరి మాటా నలిగిపోయిందే. ఒక్కరి మాటా తిన్నగా లేదు.

ఆ తర్వాత ఆగింది.

గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. దాని వెనక — గొంతు సవరించుకుంటున్న శబ్దం. చిన్నగా రెండుసార్లు, పొడుగ్గా ఒకసారి.

ఎందుకో తెలియకుండానే ఆమె సందుకి ఇంకా దగ్గరగా జరిగింది.

"పయక..." అంది లోపలి గొంతు. కాసేపాగి, "బయ్య..."

పలక. బల్ల.

ఆమె లేవబోయింది.

ఇంకాసేపు ఊపిరి. అప్పుడు మెల్లగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు —

"తియకా..."

ఈ భూమ్మీద ఆమెని అలా పిలిచిన నోరు ఒక్కటే. దాన్ని ఎనిమిది నెలల క్రితం ఆమే దగ్గరుండి సాగనంపింది.

గడియ ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదట. తాత "వద్దమ్మా, వద్దు" అంటూ కొంగు పట్టుకున్నా ఆగలేదు. తలుపు లాగింది. లోపల చిమ్మచీకటి. ఎక్కడో ఒక్క ఎర్రచుక్క వెలుగు. గొంతు గది మధ్యలోంచి వస్తోంది — సరిగ్గా కుర్చీలో కూర్చున్న మనిషి నోరు ఉండే ఎత్తు నుంచి.

"నాన్నా..." అంది. "నాన్నా, నువ్వేనా?"

ఊపిరి పీల్చిన చప్పుడు.

"మయ్యీ... తెప్పనా?"

మళ్ళీ చెప్పనా, అని.

వెనక నుంచి తాత టార్చి వెలిగించాడు. వెలుగు వెళ్ళి ఒక తల మీద పడింది. జుట్టు లేదు. కళ్ళు లేవు. ముఖం నున్నగా బూడిదరంగులో ఉంది. నోరున్న చోట గుండ్రటి నల్లటి చిల్లు... ఆ చిల్లులోంచి మళ్ళీ గొంతు సవరింపు...

టార్చి కింద పడింది. ఆ తర్వాత ఇద్దరూ మెట్లు ఎన్నేసి దిగారో, గేటు దాకా ఎలా వచ్చారో ఎవరికీ గుర్తులేదు.

తెల్లారి తొమ్మిదింటికి మైకు సారు వచ్చాడు. ఆయన ఇంజనీరు, మెళ్ళో ఎప్పుడూ ఏదో ఒక వైరు వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు. సంగతి విని మొదట తెల్లబోయాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అయ్యో, ఎవరికీ చెప్పలేదా నేను? అది బొమ్మండీ! నోట్లో స్పీకరుంది. రాత్రి పదకొండుకి దానంతటదే మొదలవుతుంది."

విషయం ఏంటంటే, తేటగా మాట్లాడేవాళ్ళ గొంతులు మిషన్‌కి ఇక చాలట. పక్షవాతం వచ్చినవాళ్ళు, నత్తి ఉన్నవాళ్ళు, పళ్ళూడినవాళ్ళు ఏం చెప్పినా దానికి అర్థం కావడం లేదు. అలాంటి గొంతులు ఇదివరకు సేకరించారు గానీ, చాలావరకు పనికిరావని మూలన పడేశారు. ఇప్పుడు వాటినే బయటికి తీశారు. ఇళ్ళల్లో మనుషులు మైకు ముందు పద్ధతిగా కూర్చుని మాట్లాడరు కదా. అందుకని ఆ పాత గొంతులన్నిటినీ బొమ్మ నోటి ద్వారా పలికించి, ఒకసారి ఫ్యాను మోతలో, ఒకసారి టీవీ గోలలో, దూరంగా ఇంకో మైకు పెట్టి మళ్ళీ రికార్డు చేస్తున్నారు. పగలు లిఫ్టు చప్పుడు, జనం అడుగుల చప్పుడు అడ్డొస్తాయని రాత్రి పెట్టారు.

ఆఫీసంతా నవ్వింది. ఊడ్చే ఆవిడ కూడా నవ్వి చీపురందుకుంది. కాపలా తాత మాత్రం, బొమ్మయినా సరే దానికి కళ్ళు పెట్టించండి బాబూ అన్నాడట.

చెవులక్క నవ్వలేదు.

"నేను అడిగితే జవాబిచ్చింది సార్."

"అది ముక్క చివర మిగిలిపోయిన మాటమ్మా. మీరు అడిగిన సమయానికి వచ్చింది, అంతే."

"ఆ గొంతు మా నాన్నది."

మైకు సారు నవ్వు ఆగిపోయింది.

గొంతు ఎవరిదో చెప్పకూడదు, అది రూలు. ఆయన ఆమె ముఖం చూశాడు, రూలు సంగతి ఎత్తలేదు. రికార్డింగు చేసే ఆవిడని పిలిపించి ఆ గొంతు వినిపించాడు. ఆవిడకి వెంటనే గుర్తొచ్చింది.

"కర్ర పట్టుకుని వచ్చేవారు, ఆయనేనా? బుధవారం పొద్దున పదింటికి ఠంచనుగా దిగేవారు. ఆరు నెలలు ఒక్క వారం తప్పలేదు. ప్రతి మాటకీ 'మళ్ళీ చెప్పనా?' అని అడిగేవారు. బాగానే వచ్చిందండీ అన్నా వినేవారు కాదు."

చెవులక్క షిఫ్టు అప్పట్లో మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యేది. బుధవారం పొద్దున ఎక్కడికెళ్ళావు నాన్నా అంటే, పలక మీద 'కసరత్తు' అని రాసి చూపించేవాడు. ఎప్పుడో భోజనాల దగ్గర ఆమే నవ్వుతూ అంది — "నీలాంటి గొంతులు కావాలట నాన్నా మా ఆఫీసుకి" అని. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చాడన్నమాట.

"ఎందుకొస్తున్నారో చెప్పారా?" అని అడిగింది.

రికార్డింగు ఆవిడకి ఆమె ఆయన కూతురని తెలియదు. తెలిస్తే చెప్పేది కాదేమో.

"చెప్పారు. ఇంట్లో ఒకరికి నా మాట అర్థం కావాలి, మనిషికి ఓపిక లేదు, మిషన్‌కైతే ఉంటుందటగా, అది విని రాసి చూపిస్తుందటగా అన్నారు."

"ఇదంతా... నోటితోనే చెప్పారా? మీకు అర్థమైందా?"

"మొదట్లో కాలేదండీ. మూడో బుధవారానికల్లా అర్థమైపోయింది. ఏముంది అందులో? కాస్త నిదానంగా వింటే సరిపోతుంది."

చెవులక్క కుర్చీ పట్టుకుని కూర్చుంది.

ఆ రోజు ఆయన ముక్కలన్నీ వినిపించమని అడిగింది. ఆరువందల పన్నెండు. మైకు సారు తన గదిలోనే కూర్చోబెట్టి, ఒక్కోటీ పెట్టాడు. చాలావరకు మాటలే. పలక, బల్ల, చీమ, గొడుగు. కొన్నిటి చివర మాత్రం, చదవమన్న మాట అయిపోయాక, ఆయన సొంత మాట తోక ముక్కలా మిగిలిపోయి ఉంది. "మయ్యీ తెప్పనా". ఒకచోట వట్టి "తియకా". దగ్గు. ఒకచోట, పాత అలవాటు ఊరుకోలేదేమో, బస్సు నంబరేదో పిలిచాడు. పిలిచి తనే నవ్వుకున్నాడు.

ఆఖరు బుధవారం ఆఖరి ముక్క పొడుగుగా ఉంది. గొడుగు అన్నాడు. ఆగాడు. "తియకా..." అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో చెప్పాడు, ఒక వాక్యం.

ఆమెకి అర్థం కాలేదు.

మళ్ళీ పెట్టించుకుంది. కళ్ళు మూసుకుని విన్నది. పదిసార్లు విన్నది. తియకా ఒక్కటే తెలుస్తోంది, మిగతాదంతా ముద్ద. మూడు బుధవారాల్లో పరాయి మనిషికి దొరికిన మాట ఆమెకి దొరకడం లేదు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

మైకు సారు మెల్లగా అడిగాడు. "మిషన్‌కి పెట్టి చూడనా అమ్మా? రెండు నెలలుగా ఈ గొంతులే నేర్చుకుంటోంది."

ఆమె తలూపింది.

పెట్టాడు. స్క్రీన్ మీద అక్షరాలు ఒక్కోటీ వచ్చాయి. ఎక్కడా తడుముకోలేదు.

'గొడుగు. చిలకా, నేనింక పలక మీద రాయను. మాట్లాడతాను. విను.'

ఆయన పోయింది ఆ శుక్రవారమే. మధ్యలో ఒక్క గురువారం ఉంది. ఆ రోజు ఆమె ఇంటికొచ్చేసరికి పొద్దుపోయింది. నాన్న కుర్చీలో మేలుకునే ఉన్నాడట. ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచాడు. ఆమె చెప్పులు విడుస్తూనే పలక తీసి ఇచ్చింది. ఆయన పలక వైపు చూసి, దాన్ని పక్కన పెట్టేసి, వెళ్ళి పడుకున్నాడు.

ఇది నాతో చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. పనిలో ముక్కల గురించి చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు.

మైకు సారు మంచివాడు. ఆమెని ఊరడించాలనుకున్నాడు. మీ నాన్నగారి గొంతు వృథా పోలేదమ్మా, మిషన్‌కి ఎంత పనికొచ్చిందో చూడండంటూ ఆయన ముక్కల జాబితా తెరిచాడు. ఎప్పుడు రికార్డు చేశారు, ఎవరు విన్నారు, ఏ బటన్ నొక్కారు — అన్నీ ఉన్నాయి అందులో. చూస్తూ చూస్తూ ఆయన నొసలు చిట్లించాడు.

"అరె... ఐదువందల పైన 'తీసెయ్' కొట్టారే! అందుకే మూలన పడ్డాయి. అన్నీ ఒక్కరే కొట్టారు." కిందికి జరుపుతూ పోయాడు. "అసలు పూర్తిగా విననే లేదండీ. గొంతు సవరించుకోవడం వినగానే నొక్కేశారు. ఒక్కోదానికి... అర సెకను. ఎవరో గాని బాగా తొందరలో ఉన్నారు. ఇరవయ్యారో నంబరట."

ఎవరు సార్ ఆ ఇరవయ్యారో నంబరు అని ఆమె అడగలేదు. రోజూ కుర్చీలో కూర్చోగానే ఆ నంబరు కొట్టే కదా ఆమె పని మొదలుపెట్టేది.